ఆస్తమా అన్నారు, కానీ గొంతు కింద దారి సన్నబడింది – రెండున్నరేళ్ల నా అనుభవం

నా ఊపిరి తగ్గుతోందని నాకు మొదట తెలిసింది పద్యం చదువుతుండగా. శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు హైస్కూల్లో తెలుగు చెప్తాను, వయసు 38. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం దగ్గర యతి. పాదం మొత్తం ఒక్క ఊపిరిలో రాగం తీసి చదవడం నాకు పదమూడేళ్ల అలవాటు. 2023 జూన్‌లో బడి తెరిచిన మొదటి వారం, తొమ్మిదో తరగతిలో పద్యం ఎత్తుకుంటే యతి దగ్గరే ఊపిరి అయిపోయింది. మళ్లీ ఎత్తుకున్నాను, మళ్లీ అక్కడే. పిల్లలు పట్టించుకోలేదు గానీ నాకు చెమట పట్టింది. సెలవుల్లో గొంతు మొద్దుబారిపోయి ఉంటుందిలే అనుకుని వచనం చెప్పేసి వచ్చేశాను.

వెనక్కి చూసుకుంటే అది మొదలు కూడా కాదు. 2022 నవంబరు నుంచి ముక్కు దిబ్బడ. జలుబు అనుకున్నాం. తర్వాత ముక్కులో పక్కులు కట్టడం, పొద్దున్నే అవి రక్తంతో ఊడి రావడం. మూడుసార్లు యాంటీబయాటిక్ కోర్సులు వాడాను. ఫిబ్రవరిలో ఎడమ చెవి మూసుకుపోయింది, వెనక బెంచీ పిల్లల మాట వినపడేది కాదు. ఏప్రిల్లో మోకాళ్లు, మణికట్లు నొప్పులు, ఒక కన్ను ఎర్రబడి పది రోజులు తగ్గలేదు. ముక్కుకి ఒక డాక్టరు, కీళ్లకి ఒకరు, కంటికి ఇంకొకరు. నేను కూడా ఏ డాక్టరు దగ్గరా మిగతా రెండూ చెప్పలేదు, ఎందుకు చెప్తాం, ముక్కు డాక్టరుకి మోకాలి నొప్పి చెప్తే నవ్వుతారేమో అనిపిస్తుంది. ఆ పొరపాటు నాదే.

జూలైలో ఆయాసం అని వెళితే ఆస్తమా అన్నారు, ఇన్హేలర్ ఇచ్చారు. ఐదు నెలలు వాడాను, ఒక్క పిసరు తేడా లేదు. తేడా లేదంటే డోసు పెంచారు, ఇంకో ఇన్హేలర్ కలిపారు. రాత్రి పడుకుంటే శబ్దం మొదలైంది. ఓ రాత్రి అత్తమ్మ లేచి కూర్చుని, "ఏటమ్మీ, నిద్దట్లో ఈలేస్తన్నావేటి?" అంది. ఆవిడ చెవులకి ఇప్పటికీ దండం పెడతాను, ఎందుకంటే మర్నాడు ఆవిడే ఇంకో మాట అంది, ఊపిరి వదిలేటప్పుడు కాదట, పీల్చేటప్పుడు వస్తోందట ఆ ఈల. ఆస్తమాలో పిల్లికూతలు ఎక్కువగా ఊపిరి వదిలేటప్పుడు వస్తాయని, పీల్చేటప్పుడు గొంతు దగ్గర ఈల వేస్తే పై దారిలో అడ్డు ఉందేమో చూడాలని నాకు తర్వాత తెలిసింది. ఐదు నెలలుగా ఏ డాక్టరూ మెడ మీద స్టెతస్కోప్ పెట్టలేదు, వీపు మీదే.

నవంబరు 26 రాత్రి, కార్తీక మాసం, దీపాలు వెలిగించి మెట్లు ఎక్కి వచ్చేసరికి మాట రాలేదు. ఆటోలో ఒక ఆసుపత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్లారు. వేలికి క్లిప్పు పెట్టారు, 98 చూపించింది. "ఆక్సిజన్ 98 ఉంది మేడమ్, టెన్షన్ పడకండి, టెన్షన్ వల్లే ఇలా అవుతుంది" అని నెబులైజర్ పెట్టి, నిద్రమాత్ర రాసి పంపేశారు. ఇది గుర్తుపెట్టుకోండి: ఊపిరితిత్తులు బాగుండి దారి మాత్రమే సన్నబడితే, చాలా ముదిరేదాకా ఆ క్లిప్పు 98 అనే చూపిస్తుంది. ఆ రాత్రి నేను నిద్రమాత్ర వేసుకోలేదు. ఎందుకో భయం వేసింది. వేసుకోకపోవడమే మంచిదైందని వైజాగ్ డాక్టరు తర్వాత అన్నారు.

డిసెంబరు 7న వైజాగ్ వెళ్లాం. మిచాంగ్ తుపాను రోజులు, రణస్థలం దాటిన దగ్గర్నుంచి దారంతా వాన, మామూలుగా రెండున్నర గంటల ప్రయాణం నాలుగు గంటలు పట్టింది. ఊపిరితిత్తుల డాక్టరు గారు నేను గదిలోకి నడిచి వచ్చి కుర్చీలో కూర్చునేలోపే తల ఎత్తి చూశారు. మెడ మీద స్టెతస్కోప్ పెట్టి, "గట్టిగా పీల్చమ్మా" అన్నారు. అంతే, "ఇది లంగ్స్ కాదు" అన్నారు. ముక్కుకి క్లిప్పు పెట్టి గొట్టంలోకి ఊదించే పరీక్ష (స్పైరోమెట్రీ) చేయించారు. గ్రాఫు మామూలుగా కొండలా లేచి దిగాలట, నాది పైనా కిందా చదునుగా, అగ్గిపెట్టె గీసినట్టు వచ్చింది. ఎంత గట్టిగా ఊదినా, పీల్చినా ఒక హద్దు దాటి గాలి కదలడం లేదని దాని అర్థం.

మర్నాడు ఈఎన్టీ డాక్టరు ముక్కులోంచి సన్నటి కెమెరా దించారు. మత్తు స్ప్రే కొడతారు, నాలుక వెనక చేదు, గుటక వేస్తే గొంతే లేనట్టు ఉంటుంది, అది పది నిమిషాలే. స్క్రీన్ నా వైపు తిప్పి చూపించారు. పైన రెండు స్వరతంత్రులు తెల్లగా తెరుచుకుని బాగానే ఉన్నాయి. వాటి కింద, శ్వాసనాళం మొదలయ్యే చోట, ఎర్రగా వాచిన రింగు, మధ్యలో చిన్న కన్నం. బాల్‌పెన్ను గొట్టం అంత కనిపించింది నాకు. డాక్టరు గారు, "సందు సగానికి తగ్గితే కష్టం రెండింతలు అవుతుందనుకుంటారమ్మా, లెక్క ప్రకారం పదహారింతలు అవుతుంది" అన్నారు. అప్పుడు అర్థమైంది, జూన్‌లో యతి దగ్గర ఆగినదాన్ని నవంబరుకల్లా మెట్ల దగ్గర ఎందుకు ఆగిపోయానో. సీటీ తీస్తే 70 శాతం దాకా మూసుకుంది, స్వరతంత్రుల కింద 8 మి.మీ. దగ్గర మొదలై దాదాపు 2 సెం.మీ. పొడవునా. దీని పేరు సబ్‌గ్లాటిక్ స్టెనోసిస్. అదే రోజు ముక్కులోంచి చిన్న ముక్క బయాప్సీకి, ఆంకా అనే పరీక్షకి (సొంత ఒంటి మీదే తిరగబడే యాంటీబాడీలు ఉన్నాయేమో చూసేది) రక్తం తీశారు. ఆ రోజు ఖర్చు అంతా కలిపి 19,400.

ఆంకా రిపోర్టు డిసెంబరు 13న ఫోన్‌కి వచ్చింది. పీఆర్3 పాజిటివ్. బయాప్సీ కూడా అదే చెప్పింది. జబ్బు పేరు గ్రాన్యులోమాటోసిస్ విత్ పాలీయాంజైటిస్, అందరూ జీపీఏ అంటారు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తి సన్నటి రక్తనాళాల మీదే పడుతుంది, ఇలాంటివాటిని ఆటోఇమ్యూన్ జబ్బులంటారు. ముక్కు, చెవి, కన్ను, కీళ్లు, గొంతు, అన్నీ ఆ ఒక్క జబ్బే. పేరు పలకడానికే మా ఆయనకి వారం పట్టింది.

మూత్రంలో రక్తకణాలు, కొంచెం ప్రొటీన్ కూడా ఉన్నాయి, ఈ జబ్బు కిడ్నీల జోలికి కూడా వెళ్తుంది. "కిడ్నీ" అన్న మాట ఇంట్లో పడడమే తడవు, ఇక చెప్పక్కర్లేదు. సరిగ్గా ఆ వారమే పలాసలో కిడ్నీ ఆసుపత్రి ప్రారంభోత్సవం, టీవీ నిండా అదే. అత్తమ్మ పుట్టిల్లు కవిటి దగ్గర, ఆవిడ తమ్ముడు డయాలసిస్ మీద ఉండి పోయాడు. "ఒలమ్మ, ఉద్దానపోలకొచ్చింది మనకెందుకొచ్చిందే" అని ఒకటే ఏడుపు. ఉద్దానం కిడ్నీ జబ్బు వేరు, ఇది వేరు అని ఎంత చెప్పినా ఎక్కలేదు. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే నా క్రియాటినిన్ 1.1 అని మా ఆయన కాగితం మీద పెద్ద అంకెలతో రాసి ఫ్రిజ్‌కి అంటించాక గానీ ఆవిడ అన్నం ముట్టలేదు.

డిసెంబరు 16న రుమటాలజిస్టు (కీళ్లు, ఆటోఇమ్యూన్ జబ్బులు చూసే డాక్టరు) గారి దగ్గర మందులు మొదలయ్యాయి. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ రోజుకి 50 మి.గ్రా., ఇన్ఫెక్షన్ రాకుండా వారానికి మూడు రోజులు సెప్ట్రాన్, కాల్షియం, గ్యాస్ మాత్ర. రిటుక్సిమాబ్ (రోగనిరోధక శక్తి జోరు తగ్గించే మందు) ఎక్కించే ముందు హెపటైటిస్ బి, టీబీ పరీక్షలు తప్పనిసరిగా చేస్తారు, అవి రావడానికి ఐదు రోజులు. రిటుక్సిమాబ్ ఒక గ్రాము చొప్పున రెండుసార్లు, డిసెంబరు 27న, జనవరి 10న. మందు సీసాలు థర్మాకోల్ పెట్టెలో ఐస్ ప్యాకుల మధ్య వస్తాయి. 500 మి.గ్రా. సీసా ఒక్కోటి నాకు 16,500 పడింది, నాలుగు సీసాలు. సీసా మీద రాసిన ధర చూసి గుండె ఆగినంత పనైంది గానీ, అడిగితే తగ్గిస్తారు. అడగడానికి మొహమాటపడకండి. ఎక్కించడానికి ఆరు గంటలు పట్టింది. మొదటిసారి అరగంటకి గొంతులో దురద మొదలైంది, నేను ఆ గొంతుతో దురద అంటే ఎంత హడలిపోయానో మీరే ఊహించుకోండి. డ్రిప్పు ఆపి, ఇంజెక్షన్ ఇచ్చి, వేగం తగ్గించి మళ్లీ పెట్టారు. రెండోసారి ఏమీ కాలేదు.

ముక్కు పక్కులు, కీళ్ల నొప్పులు రెండు వారాల్లో సగానికి తగ్గాయి. గొంతు మాత్రం తగ్గలేదు. వాపు ఉన్నంత వరకు మందుకి లొంగుతుందట, మచ్చ కట్టేశాక మందు దాన్ని కరిగించలేదట.

అందుకని 2024 జనవరి 19న, సంక్రాంతి వెళ్లాక, మొదటి డైలేషన్, అంటే సన్నబడ్డ దారిని వెడల్పు చేయడం. నోట్లోంచే లోహపు గొట్టం పెట్టి, మచ్చని లేజర్‌తో మూడు చోట్ల గాటు పెట్టి, మచ్చలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చి, బెలూన్ పెట్టి ఉబ్బిస్తారు. బయట కోత ఉండదు. ముందురోజు మత్తు డాక్టరు గారు వచ్చి అరగంట కూర్చున్నారు, ఆపరేషన్ చేసే డాక్టరు కంటే ఎక్కువసేపు. ఎందుకంటే మామూలుగా మత్తు ఇస్తే గొంతులో ట్యూబ్ వేస్తారు, నాకు ట్యూబ్ వేసే చోటే కదా ఆపరేషన్. సన్నటి గొట్టంలోంచి గాలిని ఒత్తిడితో కొడతారని, అవసరమైతే మెడకి కన్నం పెట్టాల్సి రావచ్చని చెప్పి సంతకం తీసుకున్నారు. ఆ సంతకం పెట్టేటప్పుడు మా ఆయన చెయ్యి వణికి పేరులో ఒక అక్షరం తప్పు రాశారు.

మత్తు దిగి కళ్లు తెరిచాక మొదట నాకు తెలిసింది నిశ్శబ్దం. ఈల లేదు. ఊపిరి లోపలికి చల్లగా, దేనికీ తగలకుండా వెళ్లిపోయింది. ఏడ్చేశాను. నర్సమ్మ నొప్పేమో అనుకుని పరుగెత్తుకొచ్చింది.

మర్నాడు డిశ్చార్జి. బిల్లు 92,000, అందులో బెలూన్ ఒక్కటే 28,000. రెండు తులాల గొలుసు బ్యాంకులో పెట్టాం. మూడు రోజులు మాట్లాడొద్దన్నారు. రెండో తరగతి చదివే మావాడి పలక, బలపం తీసుకున్నాను. "మంచినీళ్లు" అని రాసి చూపిస్తే వాడు నీళ్లు తేవడం మానేసి, "అమ్మా, మ పక్కన సున్నా మర్చిపోయావు" అని పలక తిరిగి ఇచ్చాడు. తెలుగు టీచర్‌కి ఇంట్లో జరిగిన మర్యాద ఇది.

ఫిబ్రవరి 16న రథసప్తమి. అరసవల్లి క్యూలో నాలుగు గంటలు నిలబడ్డాను, మాస్కు పెట్టుకుని. జనంలోకి వెళ్లానని రుమటాలజిస్టు గారు తర్వాత కేకలేశారు. నిజమే, రిటుక్సిమాబ్ ఎక్కించుకున్న రెండు నెలలకి అంత జనంలోకి వెళ్లకూడదు. కానీ మూడు నెలల ముందే మెట్ల దగ్గర ఆగిపోయినదాన్ని, వెళ్లకుండా ఉండలేకపోయాను.

ఈ లోపు స్టెరాయిడ్ ప్రభావం. మొహం గుండ్రంగా చంద్రబింబం అయింది, ఆకలి, రాత్రి రెండింటికి లేచి వంటగదిలో అటుకులు తినడం, షుగర్ 180. ఆరో తరగతి పాప ఒకతి, "టీచర్, మీకు బాబా పాపా?" అని అడిగింది. నవ్వి ఊరుకున్నాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు.

ఒక మంచి అలవాటు మాత్రం అప్పుడే అయింది. ఊపిరితిత్తుల డాక్టరు గారు పీక్ ఫ్లో మీటరు కొనుక్కోమన్నారు, 650 రూపాయలు, ప్లాస్టిక్ గొట్టం, ఎంత జోరుగా ఊదితే ముల్లు అంత జరుగుతుంది. వంటింట్లో పోపులపెట్టె పక్కన పెట్టుకున్నాను, పొద్దున్న టీ పెట్టే ముందు మూడుసార్లు ఊది పెద్ద అంకె పుస్తకంలో రాస్తాను. డైలేషన్ ముందు 150. తర్వాత 340. ఫిబ్రవరి, మార్చి అలాగే ఉంది. ఏప్రిల్లో 310. మే మధ్యలో 250. జూన్ మొదటి వారం 190, ఈల మళ్లీ వచ్చింది. నాకు వినపడకముందే అంకె చెప్పేసింది. జూన్ 21న రెండో డైలేషన్. నవంబరు 8న మూడోది.

మూడోదానికి వెళ్లే బస్సులో, తగరపువలస దగ్గర, నాకు మొదటిసారి కోపం వచ్చింది. ఐదు నెలలు, మళ్లీ ఐదు నెలలు కూడా నిండలేదు. ఏడాదికి రెండున్నర లక్షలు ఇలా ఎన్నేళ్లు? నా జీతం నెలకి 16,000, మా ఆయనది జిరాక్సు షాపు. బంధువులందరిదీ ఒకటే మాట, "ఒకేసారి కోసి తీయించేసుకోవచ్చు కదా". యూట్యూబ్‌లో వీడియోలు చూశాను, ఆపరేషన్ అయ్యి పరుగెడుతున్న మనుషులు. ఆ వీడియోలు చూసి నేను ఇంచుమించు నిర్ణయం చేసేసుకున్నాను.

2025 జనవరి 20న విశాఖ ఎక్స్‌ప్రెస్ ఆమదాలవలసలో ఎక్కి హైదరాబాద్ వెళ్లాం, ఇలాంటి ఆపరేషన్లు చేసే సర్జన్ దగ్గరికి. ఫైలు నాలుగు కేజీలు ఉంటుంది. రెండున్నర గంటలు వెయిటింగ్. పక్క కుర్చీలో ఒకబ్బాయి, పాతికేళ్లుంటాయి, మెడ మీద అడ్డంగా సన్నటి గీత. కోవిడ్‌లో వెంటిలేటర్ మీద ఇరవై రోజులు ఉంటే ట్యూబ్ ఒరుసుకుని మచ్చ కట్టిందట, ఆపరేషన్ అయి రెండేళ్లు, బ్యాడ్మింటన్ ఆడుతున్నానన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

లోపలికి వెళ్లాక సర్జన్ గారు మొదట ఆ ప్రాణమే మళ్లీ తీశారు, మంచిగానే. "బయట చూసుంటారు, ఆ అబ్బాయికి దెబ్బ తగిలింది, ఆరింది, అయిపోయింది. అక్కడ జబ్బంటూ ఏమీ లేదు. మీకు పొయ్యి కింద నిప్పు ఉందమ్మా. నిప్పు ఆరకుండా కొత్త కుండ పెడితే అదీ మాడుతుంది." నేను చూసిన వీడియోల్లో చాలామంది ఆ అబ్బాయిలాంటివాళ్లేనని అప్పుడు వెలిగింది. మాలాంటి ఆటోఇమ్యూన్ వాళ్లకి ఈ ఆపరేషన్ చేయరని కాదు, చేస్తారు. కానీ జబ్బు కనీసం ఏడాదైనా నిద్రపోయి ఉండాలి, స్టెరాయిడ్ వీలైనంత తక్కువలో ఉండాలి, లేకపోతే కుట్లు అతుక్కోవు. అయినా కూడా కుట్టిన చోట మళ్లీ సన్నబడే అవకాశం ఆ అబ్బాయి కంటే నాకే ఎక్కువ.

తర్వాత ఆపరేషన్ ఏమిటో బొమ్మ గీసి చెప్పారు. మెడ ముందు కోసి, సన్నబడ్డ రింగు ముక్క తీసేసి, కింది శ్వాసనాళాన్ని పైకి లాగి కుట్టేస్తారు. లాగి కుట్టింది తెగకుండా గడ్డాన్ని ఛాతీకి దారంతో కుట్టి వారం రోజులు తల వంచే ఉంచుతారు. మళ్లీ చదవండి, గడ్డాన్ని ఛాతీకి. మా ఆయన "కుట్టడమంటే... కట్టడమా సార్?" అని అడిగారు. కుట్టడమే. ఆసుపత్రిలో పది, పన్నెండు రోజులు. అంచనా ఐదున్నర లక్షలు. నా మచ్చ స్వరతంత్రులకి 8 మి.మీ. దగ్గర్లో మొదలవుతుంది కాబట్టి పని ఇంకా ఇరుకు.

నేను ఒక్కటే ప్రశ్న రాసుకుని వెళ్లాను, అది చివర్లో అడిగాను. గొంతు ఎలా ఉంటుంది?

ఆయన కాసేపు ఆగి, "మీరేం చేస్తారు?" అన్నారు. చెప్పాను. "మాట వస్తుంది. కానీ శ్రుతి పెంచే కండరం సరిగ్గా ఆ చోటే ఉంటుంది, అది పోతుంది. గొంతు బొంగురుగా, కిందికి దిగిపోతుంది, ఆడవాళ్లలో ఆ తేడా బాగా తెలుస్తుంది. పై స్థాయి రాదు. ఫోన్‌లో మిమ్మల్ని సార్ అనొచ్చు." పాఠం చెప్పుకోవచ్చు. పద్యం రాగంతో చదవడం మాత్రం మర్చిపోవాలన్న మాట.

తిరుగు రైల్లో మా ఇద్దరికీ మాటల్లేవు. రాజమండ్రి దాటాక ఆయన, "పద్యం లేకపోతే ఏం, మనిషివి ఉంటే చాలు" అన్నారు. ఆయన ప్రేమతోనే అన్నారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. పద్యం కోసం ప్రాణం మీదికి తెచ్చుకునే పిచ్చిదాన్ని కాను. కానీ అది కూడా లెక్కలో వేసుకునే హక్కు నాకుంది కదా, అదేదో సరదా అన్నట్టు ఎందుకు తీసిపారేయాలి? ఈ మాట ఆయనతో మూడు రోజుల తర్వాత అన్నాను. ఒప్పుకున్నారు. పాపం, ఐదున్నర లక్షలు ఎక్కడ తేవాలో అప్పటికే ఇద్దరికి ఫోన్ చేసి ఉంచారట.

మూడో దారి సర్జన్ గారే చెప్పారు. మత్తు లేకుండా, గొంతు మొద్దుబార్చి, కెమెరాతో చూస్తూ మెడ ముందునుంచి సన్నటి సూదితో మచ్చలోకి స్టెరాయిడ్, నాలుగేసి వారాలకోసారి, ఐదారుసార్లు. డైలేషన్ల మధ్య కాలం పెరుగుతుందేమో చూద్దామని. మా వైజాగ్ ఈఎన్టీ డాక్టరు గారు ఈయనతో ఫోన్‌లో మాట్లాడి ఒప్పుకున్నారు. ఫిబ్రవరి 12 నుంచి జూన్ 4 దాకా ఐదు ఇంజెక్షన్లు వేశారు. ఒక్కోటి 6,000, బస్సు చార్జీలు కాక. నొప్పి పెద్దగా లేదు, సూది దిగగానే వచ్చే దగ్గుని ఆపుకోవడమే యుద్ధం. మొదటిసారి ఆపుకోలేక డాక్టరు గారి కళ్లజోడు మీద దగ్గాను. ఇరవై నిమిషాల్లో అయిపోతుంది, ఓ గంట కూర్చోబెట్టి పంపేస్తారు, సాయంత్రానికి ఇంట్లో ఉంటాను. గొంతు రెండు రోజులు బొంగురుగా ఉండి మళ్లీ వస్తుంది.

సర్జన్ గారి ఫైలు మూసేయలేదు. ముగ్గురు డాక్టర్లకీ నాకూ మధ్య ఒక ఒప్పందం ఉంది: డైలేషన్ల మధ్య కాలం మూడు నెలలకి పడిపోతే, లేదా మెడకి కన్నం పెట్టాల్సిన పరిస్థితి వస్తే, పద్యం గిద్యం లేదు, ఆపరేషన్‌కి వెళ్లడమే. అందుకోసం స్టెరాయిడ్‌ని 5 మి.గ్రా.కి తెచ్చి అక్కడే ఉంచుతున్నారు, ఆర్నెల్లకోసారి రిటుక్సిమాబ్ ఒక సీసా ఎక్కుతోంది, మూత్రం ఇప్పుడు శుభ్రంగా ఉంది. ఆపరేషన్‌కి కూడా చివరికి అదే తయారీ కాబట్టి, ఆగడం వల్ల నేను పోగొట్టుకునేది ఏమీ లేదనిపించింది. మీ మచ్చ ఎక్కడుందో, ఎంత పొడవో, అది దేనివల్ల వచ్చిందో తెలియకుండా నా నిర్ణయం మీరు తీసుకోకండి.

ఎవరూ చెప్పకుండా నేనే నేర్చుకున్నవి కొన్ని ఉన్నాయి. సందు సన్నగా ఉన్నప్పుడు చిక్కటి కఫం ముక్క అడ్డుపడితే ప్రమాదం. అందుకే పొద్దున, రాత్రి ఉత్త సెలైన్‌తో నెబులైజర్ పెట్టుకుంటాను, ముక్కు ఉప్పునీళ్లతో కడుగుతాను. చలికాలంలో ఫ్యాన్ కింద పడుకోను. రాత్రి ఎనిమిదింటికే తినేస్తాను, పులితేన్పులు గొంతులోకి వస్తే మచ్చకి మంచిది కాదట. ఫోన్ లాక్ స్క్రీన్ మీద డాక్టరు గారు రాసిచ్చిన ముక్క ఫోటో పెట్టుకున్నాను: "స్వరతంత్రుల కింద శ్వాసనాళం సన్నబడింది, ట్యూబ్ వేయాల్సి వస్తే 5 నంబరు కంటే పెద్దది వద్దు." రోడ్డు మీద నేను పడిపోతే నా తరఫున అదే మాట్లాడాలి. ఇంకొకటి, క్లాసులో మైకు. 1,800 పెట్టి మెడకి తగిలించుకునే చిన్న స్పీకర్ కొన్నాను. మొదట్లో సిగ్గేసింది, సంతలో కూరగాయలు అమ్మేవాళ్లలా ఉంటుందని. ఇప్పుడు స్టాఫ్ రూములో ఇంకో ఇద్దరు కొనుక్కున్నారు.

ఇప్పుడు 2025 సెప్టెంబరు. పోయిన నవంబరు 8 తర్వాత డైలేషన్ పడలేదు, పది నెలలు. ఆగస్టు చివరిదాకా పీక్ ఫ్లో 320కి తగ్గలేదు. పోయిన వారం జలుబు చేసింది. నిన్న తొమ్మిదో తరగతిలో, స్పీకర్ తీసి పక్కన పెట్టి, ఉత్పలమాల ఎత్తుకున్నాను. యతి దాటాను. పద్నాలుగో అక్షరం దగ్గర ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. ఇంటికొచ్చి ఊదితే 290. పుస్తకంలో రాసి, వైజాగ్‌కి ఫోన్ చేశాను. 22న రమ్మన్నారు, కెమెరా పెట్టి చూస్తారట. పొద్దున ఆరింటి నాన్‌స్టాప్‌కి వెళ్తాం.